మిరప చేను కింద: బూజులు, ఎరువు బస్తాలు, కాయ నాణ్యత

మిరపకాయ కారంగా ఎందుకుంటుంది? ఈ ప్రశ్న మన హాస్టల్ మెస్సులో అడిగితే నవ్వుతారు. కానీ శాస్త్రవేత్తలు దీన్ని చాలా గట్టిగానే అడిగారు. జాషువా ట్యూక్స్‌బరీ అనే అమెరికా శాస్త్రవేత్త తన బృందంతో దక్షిణ అమెరికాలోని బొలీవియా అడవుల్లో తిరిగి, అక్కడి అడవి మిరప మొక్కలను పరిశీలించి 2008లో తమ ఫలితాలు ప్రచురించారు. ఆ అడవుల్లో ఒకే జాతి మిరపలో కొన్ని మొక్కల కాయలు కారంగా, కొన్నింటివి చప్పగా ఉన్నాయి. రసం పీల్చే నల్లులు కాయకు రంధ్రం చేస్తే, ఆ రంధ్రం గుండా ఫ్యుజేరియం అనే బూజు లోపలికి పోయి గింజలను పాడు చేస్తోంది. నల్లులు ఎక్కువగా ఉన్న చోట కారం మొక్కలు ఎక్కువగా ఉన్నాయి. కారం ఉన్న కాయల్లో గింజలు ఎక్కువగా బతికాయి. అంటే మిరపకు కారం మన నాలుక కోసం పుట్టలేదు. బూజు నుండి గింజను కాపాడుకోవడానికి అది పెంచుకున్న ఆయుధం. పక్షులకు ఈ కారం తెలియదు కాబట్టి అవి హాయిగా తిని గింజలను దూరంగా వదులుతాయి.

ఈ ఒక్క విషయంతోనే మేము ఈ వ్యాసం రాయాలనుకున్నాం. మన హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళలో, చదువు ముగించుకుని వెళ్ళిన అన్నల్లో చాలామంది గుంటూరు, పల్నాడు, ప్రకాశం, ఖమ్మం, మహబూబాబాద్ వైపు మిరప ఊళ్ళవారే. కొందరి ఇళ్ళలో కౌలుకు మిరప వేస్తారు. ఎక్కువమంది ఇళ్ళలో అమ్మలు కాయ కోతకు వెళ్తారు. కాయ రేటు పలికిన ఏడు పెట్టెలో కొత్త దుప్పటి వస్తుంది, పలకని ఏడు సెలవులకు ఇంటికి వెళ్ళినవాడు తిరిగి వస్తాడో రాడో తెలియదు. కాబట్టి మిరప నాణ్యత అనేది మనకు వృక్షశాస్త్రం పేపరులో ఒక ప్రశ్న మాత్రమే కాదు.

నాణ్యత అంటే యార్డులో ఏం చూస్తారు?

గుంటూరు మిర్చి యార్డులో గానీ ఖమ్మం మార్కెట్లో గానీ వ్యాపారి టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి చూస్తాడు. రంగు చూస్తాడు, తొడిమ చూస్తాడు, కాయ విరిచి గింజ చూస్తాడు, పిడికిట్లో నలిపి తేమ చూస్తాడు. తెల్లబడిన కాయను తాలు అంటారు, దాన్ని వేరుగా కుప్ప పోయాల్సిందే. మంచి కాయకు వచ్చే ధరలో అది చాలా తక్కువకు పోతుంది. మచ్చ కాయ కూడా అంతే. ఎగుమతి చేసేవారైతే ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ ఎరుపు రంగును ఆస్టా యూనిట్లలో, కారాన్ని స్కోవిల్ యూనిట్లలో కొలుస్తారు. విల్బర్ స్కోవిల్ 1912లో ఈ కొలత పెట్టినప్పుడు మిరప సారాన్ని చక్కెర నీళ్ళలో కలుపుతూ పోయి, ఎన్ని రెట్లు పలుచన చేస్తే మంట తెలియకుండా పోతుందో మనుషుల నాలుకతోనే చూశారు. ఇప్పుడు యంత్రం చూస్తుంది.

కారానికి కారణం క్యాప్సైసిన్. అది గింజలో ఉండదు. గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో తయారవుతుంది. ఎరుపుకు కారణం క్యాప్సాంథిన్, క్యాప్సోరుబిన్ అనే కెరోటినాయిడ్లు. ఒక కాయ ఎంత కారంగా, ఎంత ఎర్రగా ఉండాలో ముందుగా నిర్ణయించేది రకమే. తేజ ఘాటుకు, కర్ణాటక బ్యాడిగి రంగుకు పేరు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా కూడా తక్కువ కారం, మంచి రంగు ఉన్న కాయే. ఏ ఎరువు వేసినా చపాటా తేజ కాదు. కానీ రకం ఇచ్చిన ఆ శక్తి కాయలోకి పూర్తిగా వస్తుందా, తాలుగా, మచ్చగా, బూజుగా మారి పోతుందా అనేది మాత్రం నేల, ఎరువు, నీరు, ఎండబెట్టే కల్లం మీద ఆధారపడి ఉంటుంది.

వేరుకు తోబుట్టువు లాంటి బూజు

బూజు అనగానే మనకు కుళ్ళు, తెగులు గుర్తొస్తాయి. మిరపకు అలాంటివి నిజంగానే చాలా ఉన్నాయి. నారుమడిలో మొలకలు గుంపులుగా పడిపోయే నారుకుళ్ళుకు పిథియం కారణం (ఇది నిజమైన శిలీంధ్రం కాదు, దాని పోలికలున్న మరో వర్గం, పరీక్షలో రాసేటప్పుడు జాగ్రత్త). మొదలు దగ్గర తెల్లటి దారాలు, ఆవగింజల్లాంటి గుండ్లు కనబడితే అది స్క్లీరోషియం. చెట్టంతా వడలిపోతే ఫ్యుజేరియం కావచ్చు. కొమ్మ ఎండు, కాయకుళ్ళుకు కొల్లెటోట్రైకమ్ కారణం. అది విత్తనంలోనూ, చేలో వదిలేసిన పాత మిరప కట్టెలోనూ దాగి ఉండి మళ్ళీ వస్తుంది. మచ్చ కాయలో ఎక్కువ భాగం దాని పనే.

కానీ అదే నేలలో మరో బూజు ఉంది. కంటికి కనబడదు, తెగులు తేదు, దాని పేరు మన రైతుల్లో ఎక్కువమందికి తెలియదు. మైకోరైజా. గ్రీకు భాషలో మైకస్ అంటే శిలీంధ్రం, రైజా అంటే వేరు. 1885లో ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ పేరు పెట్టారు. మిరప వేరులో ఉండే రకాన్ని మన వ్యవసాయ పుస్తకాల్లో 'వామ్' అని రాస్తారు. ఇది వేరు కణాల్లోకి దూరి అక్కడ చిన్న చెట్టు ఆకారంలో కొమ్మలు వేస్తుంది. ఆ చిన్న చెట్టు దగ్గరే ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంది. మొక్క తన ఆకుల్లో తయారైన చక్కెరలో కొంత బూజుకు ఇస్తుంది. చక్కెరే కాదు, కొవ్వు పదార్థాలు కూడా ఇస్తుందని 2017లో తేలింది. దానికి బదులుగా బూజు ఏమిస్తుంది? ముఖ్యంగా భాస్వరం, దానితో పాటు జింకు, కొంత రాగి.

భాస్వరమే ఎందుకు? నత్రజని నైట్రేటు రూపంలో నీళ్ళతో పాటు వేరు దగ్గరికి వచ్చేస్తుంది. భాస్వరం అలా కదలదు. మన నల్లరేగడిలో సున్నం ఎక్కువ కాబట్టి వేసిన భాస్వరం కాల్షియంతో కలిసి బిగుసుకుపోతుంది. ఎర్ర నేలల్లో పులుపు ఉన్న చోట ఇనుము, అల్యూమినియం పట్టుకుంటాయి. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపలున్న భాస్వరాన్ని తాగేశాక ఇక అక్కడ ఖాళీ. ఆపైన ఎంత భాస్వరం ఉన్నా వేరుకు అందదు, అల్మరా పైఅర మీద పెట్టిన లడ్డూ డబ్బా చిన్నపిల్లలకు అందనట్టు. వామ్ దారాలు వేరు కంటే చాలా సన్నం. అవి ఆ ఖాళీని దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం, వేరు వెంట్రుక కూడా పట్టని మట్టి సందుల్లోకి పోయి భాస్వరాన్ని మోసుకొస్తాయి.

మిరప మీద దీన్ని మన పొరుగునే పరీక్షించారు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన బాగ్యరాజ్, శ్రీరాములు నారుమడిలోనే మిరప మొక్కలకు వామ్ పట్టించి పొలంలో నాటారు. పెరుగుదల, దిగుబడి మెరుగయ్యాయి, భాస్వరం ఎరువు ఆదా అయింది. ఆ వ్యాసం 1982లో వచ్చింది. మనలో ఎవరమూ అప్పటికి పుట్టలేదు. ఇన్నేళ్ళయినా మా ఊళ్ళలో ఎరువుల దుకాణం ముందు ఈ మాట వినబడకపోవడం మాకు వింతగానే ఉంది.

డీఏపీ లెక్క

ఇక్కడ తమ్ముళ్ళు పెన్ను కాగితం తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో నీటి వసతి కింద మిరపకు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సు ఎకరాకు నత్రజని 120 కిలోలు, భాస్వరం 24 కిలోలు, పొటాష్ 48 కిలోలు. డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం. 50 కిలోల బస్తాలో భాస్వరం ఎంత? 23 కిలోలు. అంటే ఎకరానికి ఏడాది పంటకు కావలసిన భాస్వరం దాదాపుగా ఒక్క బస్తాలోనే ఉంది.

ఇప్పుడు మీ ఊళ్ళో ఎన్ని బస్తాలు వేస్తారో గుర్తు తెచ్చుకోండి. మేము మా మా ఊళ్ళ సంగతి చెప్పుకుంటే, నాలుగు బస్తాలు వేసేవారు మామూలే. నాలుగు బస్తాలంటే 92 కిలోల భాస్వరం, సిఫార్సుకు దాదాపు నాలుగు రెట్లు. అది చాలదని పైపాటుగా 14-35-14, 28-28-0 లాంటి కాంప్లెక్సులు వేస్తారు. ఒక్క 14-35-14 బస్తాలోనే మళ్ళీ పదిహేడున్నర కిలోల భాస్వరం ఉంది. భాస్వరాన్ని పైపాటుగా వేయడంలో ఉపయోగం తక్కువ, అది మొత్తం ఆఖరి దుక్కిలోనే వేయాలి. పైపాటుగా దఫాలుగా వేయవలసినవి నత్రజని, పొటాష్. అయినా బస్తా మీద మూడు అంకెలు కనబడితే మూడూ పని చేస్తాయనే నమ్మకం.

రైతును తప్పు పట్టడం తేలిక. కౌలు రైతుకు బ్యాంకులో అప్పు పుట్టడం కష్టం. ఎరువు అరువు ఇచ్చే దుకాణమే సలహా కూడా ఇస్తుంది. అరువు ఇచ్చేవాడు "ఇంకో బస్తా తీసుకో బాబాయ్" అన్నప్పుడు కాదనడం అంత సులభం కాదు. పక్క చేను పచ్చగా ఉంటే మన చేను వెనకబడినట్టే అనిపిస్తుంది.

ఎక్కువ వేస్తే ఏమవుతుంది? డబ్బు వృథా అనేది పైకి కనబడే నష్టం. కనబడని నష్టం వేరు లోపల జరుగుతుంది. భాస్వరం ఆకలితో ఉన్న వేరు స్ట్రైగోలాక్టోన్లు అనే రసాయనాలను మట్టిలోకి వదులుతుంది. అది ఒక రకమైన పిలుపు. ఆ వాసన తగలగానే దగ్గర్లోని వామ్ బూజు కొమ్మలు వేసి వేరు వైపు వస్తుంది. జపాన్ శాస్త్రవేత్తలు 2005లో ఈ సంగతి కనిపెట్టారు. (జొన్న వేరు మీద బతికే స్ట్రైగా అనే కలుపు మొక్క కూడా ఇదే పిలుపు విని మొలుస్తుంది, ఈ రసాయనాలకు ఆ పేరు అందుకే వచ్చింది. స్నేహితుణ్ణి పిలిస్తే దొంగ కూడా వినడం అంటే ఇదే.) మట్టిలో భాస్వరం పుష్కలంగా ఉంటే మొక్క ఈ పిలుపును తగ్గించేస్తుంది. పిలుపు లేదు కాబట్టి బూజు రాదు. వచ్చినా వేరు దాన్ని పెద్దగా పెరగనివ్వదు. మొక్క వైపు నుండి చూస్తే అది సరైనదే, చేతిలో భాస్వరం ఉండగా చక్కెర ఎందుకు ఖర్చు పెట్టాలి?

కానీ బూజుతో పాటు జింకు కూడా పోతుంది. భాస్వరం మితిమీరిన చేలో జింకు లోపం రావడం కొత్త విషయం కాదు. లేత ఆకులు చిన్నవై, ఈనెల మధ్య పసుపు పడితే ఎక్కువమంది తెగులనుకుని మందు కొడతారు. జింకు సల్ఫేటును డీఏపీతో కలిపి వేసేవారూ ఉన్నారు. రెండూ కలిస్తే జింకు బిగుసుకుపోయి మొక్కకు అందదు, కొన్ని రోజుల తేడాతో వేయాలి.

నల్లరేగడిలో ఈ బూజు లేకపోతే ఏమవుతుందో చెప్పే సంగతి ఆస్ట్రేలియాలో ఉంది. క్వీన్స్‌లాండ్ నల్ల నేలల్లో చాలా కాలం బీడు పెట్టిన పొలంలో పంట వేస్తే గిడసబారేది, భాస్వరం, జింకు లోపాలు కనిపించేవి. విశ్రాంతి ఇచ్చిన నేల బాగా పండాలి కదా అని అందరూ ఆశ్చర్యపోయారు. బతకడానికి వేర్లు లేక వామ్ నశించిపోవడమే కారణమని 1987లో థామ్సన్ అనే శాస్త్రవేత్త చూపారు. మన దగ్గర కూడా మిరపకు ముందు చేనును ఊరికే వదలకుండా జనుము, పిల్లిపెసర, జొన్న లాంటివి వేస్తే బూజుకు వేరు దొరుకుతుంది. ఆవాలు, క్యాబేజీ కుటుంబానికి ఈ బూజుతో స్నేహం లేదు.

నత్రజని సంగతి క్లుప్తంగా చెప్తాం, ఎందుకంటే అది అందరికీ కొంత తెలుసు. యూరియా ఎక్కువైతే చేను నల్లగా నిగనిగలాడుతుంది, ఆకు మెత్తబడుతుంది, కాయ పక్వానికి రావడం ఆలస్యమవుతుంది, రసం పీల్చే పురుగులకు విందు. 2021లో నల్ల తామర పురుగు తెలుగు జిల్లాల మిరప మీద పడి పూత పూతగానే రాలిపోయి చేలకు చేలు దున్నేసిన సంగతి ఇంకా ఎవరూ మరచిపోలేదు. ఆ పురుగు బయటి నుండి వచ్చిపడిందే, యూరియా వల్ల పుట్టలేదు. కానీ నత్రజని తగ్గించమని అప్పుడు శాస్త్రవేత్తలు చెప్పింది ఈ కారణంతోనే. అమ్మోనియా రూపంలోని నత్రజని ఎక్కువైతే మొక్క కాల్షియం తీసుకోవడం తగ్గి కాయ కొన కుళ్ళు రావచ్చు. పొటాష్ మాత్రం మన రైతులు తక్కువ వేస్తారు, నిజానికి కాయ బరువుకు, తోలుకు, రంగుకు అవసరమైనది అదే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వామ్ పొడి వేస్తే కారం పెరుగుతుంది, రంగు రెట్టింపవుతుంది అని ప్యాకెట్ల మీద రాస్తున్నారు. ప్రయోగాల్లో ఫలితాలు నేలను బట్టి, రకాన్ని బట్టి మారాయి. భాస్వరం తక్కువ ఉన్న నేలలో మేలు బాగా కనబడుతుంది. భాస్వరం నిండా ఉన్న చేలో ఆ పొడి వేసినా ఖర్చే. పైగా వామ్ బూజు బతికున్న వేరు లేకుండా పెరగదు. దాన్ని మొక్కల వేర్ల మీదే పెంచి తీయాలి. కాబట్టి ఎవరైనా డ్రమ్ములో బెల్లం నీళ్ళు పోసి వామ్ పెంచుకోమంటే నమ్మకండి. అలా పెరిగేది వేరే ఏదో.

వామ్ వేయడానికి చౌకైన చోటు నారు దశ. ఒకప్పుడు నారుమడి మట్టిలో పోసేవారు కాబట్టి ఎంతో కొంత బూజు మొక్కతో పాటు పొలానికి వచ్చేది. ఇప్పుడు షేడ్‌నెట్‌లలో ప్రోట్రేలలో కొబ్బరి పీచు పొట్టులో నారు పెంచుతున్నారు. నారు ఆరోగ్యంగానే ఉంటుంది, కానీ ఆ పొట్టులో మట్టి లేదు, వామ్ లేదు. ట్రే నింపేటప్పుడే కొద్దిగా కలిపితే ఎకరా మొత్తానికి సరిపోయే నారుకు బూజు పట్టించవచ్చు.

ట్రైకోడెర్మా అలా కాదు. ఇది స్వతంత్రంగా బతికే ఆకుపచ్చ బూజు, శత్రు బూజుల దారాలను చుట్టుకుని తినేస్తుంది. ఈ సంగతి 1932లోనే వైండ్లింగ్ రాశారు. వాడే పద్ధతి మన వ్యవసాయాధికారులు చెప్పేదే: 2 కిలోల ట్రైకోడెర్మా విరిడె పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీళ్ళు చల్లి, నీడలో గోనె పట్టాలు కప్పి వారం పది రోజులు ఉంచితే కుప్ప మీద ఆకుపచ్చ బూజు కమ్ముకుంటుంది. అది ఒక ఎకరానికి, నేలలో తేమ ఉన్నప్పుడు వేయాలి. విత్తన శుద్ధికైతే కిలో విత్తనానికి 10 గ్రాములు. వేసిన రెండో రోజే మొదళ్ళలో కార్బెండజిమ్ పోస్తే ఆ మందు ట్రైకోడెర్మాను కూడా చంపేస్తుంది. వామ్‌కు కూడా ఆ మందు పడదు.

కల్లంలో మిగిలిన బూజు

ఇప్పటివరకు చెప్పినవన్నీ సరిగా చేసినా, నాణ్యత చివరి పది రోజుల్లో పోవచ్చు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు మట్టిలోనే ఉంటుంది. కాయను మట్టి నేల మీద ఎండబోస్తే, రాత్రి మంచు పడితే, అకాల వర్షం తడిపితే అది కాయలోకి పోయి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండులో వేల సంఖ్యలో టర్కీ కోళ్ళు చచ్చిపోతే, వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో దొరికిన విషం ఇదే. కాలేయానికి క్యాన్సర్ తెస్తుంది. కారం పొడి వేయించినా, కూరలో ఉడికించినా పూర్తిగా పోదు. యూరప్ దేశాలు మసాలా దినుసుల్లో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని అఫ్లటాక్సిన్లూ కలిపి 10 మైక్రోగ్రాములు మించితే సరుకు తీసుకోవు. ఒక గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో 5 భాగాలు కిలో కాయలో ఉంటేనే అభ్యంతరం అన్నమాట.

ఎండిన కాయలో తేమ 10, 11 శాతానికి రావాలి. టార్పాలిన్ మీద గానీ సిమెంటు కల్లం మీద గానీ పోయాలి, సాయంత్రం కుప్ప చేసి కప్పాలి. టిక్కీ తొక్కేటప్పుడు కాయ విరక్కుండా నీళ్ళు చిలకరించే అలవాటు ఉంది. బరువు కూడా వస్తుందని కొందరు చేస్తారు. ఆ నీళ్ళే బూజుకు ప్రాణం పోస్తాయి. ఎగుమతికి పనికిరాని కాయ ఎక్కడికి పోతుంది? ఊళ్ళోని కారం మిల్లుకు, చివరికి మన మెస్సు పప్పుచారులోకి. అందుకే ఇది వ్యాపారుల గొడవ మాత్రమే కాదని మేము అంటున్నాం.

మన ల్యాబులో చేయదగిన పని

వామ్‌ను కంటితో చూడాలంటే పెద్ద పరికరాలు అక్కరలేదు. ఇంటర్, డిగ్రీ బైపీసీ, బీజెడ్‌సీ చదివే వారికి కాలేజీ మైక్రోస్కోపు చాలు. 1998లో కొందరు శాస్త్రవేత్తలు సిరా, వెనిగర్‌తో వేర్లకు రంగు వేసే పద్ధతి ప్రచురించారు. సన్నటి తెల్ల వేర్లను కడిగి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో అవి పారదర్శకం అయ్యేదాకా మరిగించాలి. (ఇది చర్మాన్ని కాలుస్తుంది. లెక్చరర్ దగ్గరుండగానే చేయాలి, కంటికి అద్దాలు పెట్టుకోవాలి.) నీళ్ళతో బాగా కడిగి, 95 పాళ్ళ వెనిగర్‌కు 5 పాళ్ళ నల్ల సిరా కలిపిన దానిలో 3 నిమిషాలు మరిగించాలి. సిరా పెన్నులో పోసే సిరా కావాలి, బాల్‌పెన్ రీఫిల్ పనికిరాదు. తరువాత కొన్ని చుక్కల వెనిగర్ వేసిన నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచితే వేరు రంగు వదిలేస్తుంది, బూజు మాత్రం రంగుతో నిలుస్తుంది. సన్నని దారాలు, కోడిగుడ్డు ఆకారపు సంచులు, అదృష్టం బాగుంటే ఆ చిన్న చెట్లు కనిపిస్తాయి. సెంటీమీటరు ముక్కలు 100 కోసి, ఎన్నింటిలో బూజు ఉందో లెక్క పెడితే అదే శాతం.

సంక్రాంతి సెలవులకు ఊరు వెళ్ళే తమ్ముళ్ళు రెండు చేల నుండి మిరప వేర్లు తేవాలి: డీఏపీ మూడు నాలుగు బస్తాలు వేసిన చేను ఒకటి, ఒక బస్తాతో సరిపెట్టిన లేదా పశువుల ఎరువు తోలిన చేను ఒకటి. ఒక్కో చేలో అయిదు చోట్ల, మొక్క పీకకుండా పక్కనుండి తవ్వి సన్న వేర్లు తీస్తే చాలు. చేను గలవారిని అడిగి తీయండి. తడిగుడ్డలో చుట్టి కవరులో పెట్టి, పైన ఊరి పేరు, నేల రంగు, వేసిన బస్తాల లెక్క రాయండి. భూసార పరీక్ష కార్డు ఇంట్లో ఉంటే అందులో భాస్వరం ఎక్కువ, మధ్యస్థం, తక్కువలలో ఏది రాసి ఉందో అది కూడా రాసుకు రండి. తెచ్చిన వేర్లు రెండో అంతస్తు స్టడీ రూములో మాకు ఇవ్వవచ్చు.